ఎవరూ కాదనని తీర్మానం

మనుబోలు దగ్గర హైవే పక్కనున్న జయతీరం సీఫుడ్స్ ఆఫీసు వరండాలో, ఇంగ్రిడ్ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్న సుప్రియ దగ్గర పోయిన వారం మనం ఆగాం.

"కొత్త ప్లాంటు వద్దని మీటింగులో ఒక్కరు కూడా అనలేదు. నేను రెండుసార్లు అడిగాను. మరి అప్పట్నుంచి ఈ ఆఫీసులో ఎవరూ నా కళ్ళలోకి చూడటం లేదు. ఎందుకు?"

ఇంగ్రిడ్ నార్వే మనిషి. కంపెనీలో వాటా కొన్న ఓస్లో పెట్టుబడి సంస్థ తరఫున బోర్డులో కూర్చుంటుంది. ఆమె వచ్చాకే జయతీరం బోర్డు రూపు మారింది. అంతకుముందు ఛైర్మన్ జయరామయ్య, ఆయన బావమరిది పెంచలకృష్ణ, మరో ఇద్దరు బంధువులు భోజనాలయ్యాక వక్కపలుకులు నములుతూ మాట్లాడుకుంటే అదే బోర్డు మీటింగు. ఇప్పుడు సగం మంది బయటి డైరెక్టర్లు. ప్రతి విషయానికీ ముందే పంపే వివరాలు, చర్చకు సమయం, చివర్లో ఓటు. నార్వేలో తమ సంస్థ ఇలా దిద్దిన కంపెనీలన్నీ లాభాల్లో నడుస్తున్నాయని ఇంగ్రిడ్ మొదటి రోజే చెప్పింది. ఇక్కడ మాత్రం లాభం ఏటికేడు తరుగుతోంది. అవే నిబంధనలు, అదే పద్ధతి. అక్కడ పండింది ఇక్కడెందుకు పండలేదో ఆమెకు అంతుపట్టలేదు.

సుప్రియ ఆ బయటి డైరెక్టర్లలో ఒకతె. గూడూరులో రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబు నడుపుతుంది. బయటి మనిషి అన్నది పేరుకే. ఆమె నాన్నా, జయరామయ్యా కలిసి మొదటి రొయ్యల గుంటలు తవ్వించారు. నాన్న పోయాక కూడా ఆ ఇంటితో రాకపోకలు తగ్గలేదు. ఛైర్మన్‌ను ఆమె పెదనాయనా అని పిలుస్తుంది.

"క్యాంటీన్లో కూర్చుని మాట్లాడుకుందాం రండి" అంది సుప్రియ ఇంగ్లీషులోనే.

షెడ్డులో షిఫ్టు మారుతోంది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు నెత్తిన ప్లాస్టిక్ టోపీలు తీసి, చేతులు కడుక్కుంటూ, ఇంటికెళ్ళే బస్సు కోసం తొందరపడుతున్నారు. వాళ్ళ నవ్వులూ, తిట్లూ క్యాంటీన్ దాకా వినిపిస్తున్నాయి. సుప్రియ రెండు టీలు చెప్పి, కిటికీ పక్క బల్ల చూసుకుంది.

"ఆ రోజు మీరు అభ్యంతరం ఉందా అని అడిగినప్పుడు పెంచలకృష్ణగారు ఏం చేశారో గుర్తుందా?"

ఇంగ్రిడ్ ఆలోచించింది. "ఏమీ చేయలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు."

"ఆయన పక్కన కూర్చున్నాయన?"

"ఫ్యాను వేయమన్నారు."

"రిటైరైన బ్యాంకు మేనేజరుగారు?"

"చాలా మంచి ఆలోచన, ఇంకా లోతుగా చూద్దాం అన్నారు. అది మద్దతు కదా?"

సుప్రియకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "కాదు. వాళ్ళు ముగ్గురూ వద్దన్నారు. మీరు వినలేదు. అంతకంటే గట్టిగా ఆ గదిలో ఎవరూ చెప్పరు."

ఇంగ్రిడ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆమెకు కోపం వచ్చిందో, బాధ కలిగిందో ముఖంలో తెలియలేదు.

"నేను కొన్నాళ్ళు జపాన్లో ఒక బోర్డులో ఉన్నాను. అక్కడ మీటింగుకు ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి అన్నీ తేల్చుకుంటారు. గదిలోకి వచ్చేసరికి చెప్పడానికేమీ ఉండదు. అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. కానీ ఇక్కడ మీరంతా భోజనాల దగ్గర ఎంత గట్టిగా వాదించుకుంటారు! ఎన్నికల గురించి, సినిమాల గురించి, పప్పులో ఉప్పు గురించి కూడా. ఇలాంటివాళ్ళు బోర్డులో నోరు మూసుకుంటారని నేనెలా అనుకుంటాను?"

"భోజనాల దగ్గర ఓడిపోతే ఎవరికీ పోయేదేమీ లేదు. బోర్డులో పెద్దాయన ముందు కాదంటే, ఆయన్ని తక్కువ చేసినట్టు అవుతుంది. అలా చేశాక మళ్ళీ ఆ ఇంట్లో పెళ్ళికి ఎలా వెళ్తాం? వాళ్ళ వంటగదిలోకి ఎలా వెళ్తాం?"

"మరి మీరు, సుప్రియా? మీరు శాస్త్రం చదివినవాళ్ళు. ఆ రోజు మీరు ఏం చేశారు?"

ఆ రోజు సుప్రియ కూడా తల దించుకుని నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఆ మాట ఇప్పుడు పైకి చెప్పలేకపోయింది. ఇంగ్రిడ్ కూడా రెట్టించలేదు.

"మా దగ్గర, తప్పని తెలిసీ చెప్పని డైరెక్టరును పనికిరానివాడిగా లెక్కేస్తారు. అది మర్యాద అని ఎవరూ అనుకోరు" అంది మెల్లగా. "ఒక్కటి చెప్పండి. అందరూ వద్దనుకున్నారని ఛైర్మన్‌గారికి తెలుసా?"

"తెలియదనే అనుకుంటున్నాను."

"అయితే ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. శనివారం మీటింగులో యంత్రాల ఒప్పందానికి ఆమోదం ఉంది. అది కూడా దాటితే వెనక్కి రావడం ఉండదు."

*

కొత్త ప్లాంటుకు, దాని పక్కనే రొయ్య పిల్లల్ని పెంచే హేచరీకి చూసిన స్థలం చిట్టమూరు దాటాక ఉప్పుటేరు ఒడ్డున ఉంది. ఒక బ్రోకరు ద్వారా లీజుకు మాట్లాడారు. పొడుగ్గా ఇసకనేల, అవతల సముద్రం, ఇవతల కుప్పం, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లె. మ్యాపులో చూస్తే అంత మంచి చోటు ఇంకెక్కడా దొరకదు. అయితే ఎండాకాలంలో సముద్రం ఇసక తెచ్చి ఆ ఏటి ముఖద్వారాన్ని పూడ్చేస్తుంది. లోపలి నీళ్ళు కదలవు. ప్లాంటు వదిలే మురుగు అందులోనే నిలబడుతుంది. కుప్పంవాళ్ళ చేప చచ్చిపోతుంది. అదే నీళ్ళు తోడుకునే హేచరీలో రొయ్య పిల్లలూ బతకవు. నెల్లూరు సముద్రతీరంలో పుట్టిపెరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. బోర్డులో ఇంగ్రిడ్, ఊరికి దూరంగా పెరిగిన ఛైర్మన్ కొడుకు తప్ప మిగిలినవాళ్ళంతా ఇక్కడ పుట్టిపెరిగినవాళ్ళే.

జయరామయ్య అక్కడే ఉన్నారని ఆయన డ్రైవరు ఫోన్లో చెబితే, మధ్యాహ్నం దాటాక సుప్రియ కారు తీసుకుని బయలుదేరింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది, మార్చుకుంది. వయసులో పెద్దవాడు, నాన్నలాంటివాడు. కాదనడానికి తెలుగులో ఎన్ని మెత్తటి మాటలున్నాయో అన్నీ గుర్తుచేసుకుంది.

ఆయన ఇసక మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పంచె మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, ముఖద్వారం వైపు చూస్తూ కూర్చున్నారు. అవతల కుప్పం మగవాళ్ళు నడుములోతు నీళ్ళలో వల లాగుతున్నారు. గాలి ఉప్పగా, బరువుగా ఉంది.

"రా అమ్మణ్ణీ. ఇంత ఎండన పడి వచ్చినావే. ఆ కుర్చీ లాక్కో."

సుప్రియ కూర్చుంది. ల్యాబు గురించి అడిగారు, చెప్పింది. అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగారు, చెప్పింది. ఆ తర్వాత దారిలో కూర్చుకున్న మెత్తటి మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"పెదనాయనా, ఈడ ప్లాంటు వద్దు."

ఆయన తల తిప్పలేదు.

"నాకే కాదు, ఎవురికీ ఇష్టం లేదు. కిష్ణ మామకు లేదు, బ్యాంకాయనకు లేదు. ఆ రోజు అందరం నోరు మూసుకోని కూచున్నాం. మీకు చెప్పే ధైర్యం ఎవురికీ లేకపోయింది. వేసవి వస్తే ఈ ఏటి నోరు మూసుకపోతుంది. ఈ నీళ్ళల్లో రొయ్య పిల్ల బతకదు. నేను పరీక్షలు చేసి చెప్పాల్సిన పని కూడా లేదు."

"నాకు తెలుసు" అన్నారు జయరామయ్య.

"నీళ్ళ సంగతి..."

"నీళ్ళ సంగతీ తెలుసు, మీకు ఇష్టం లేని సంగతీ తెలుసు. ఆ బల్ల చుట్టూ మీరందరూ ఎట్టా కూచున్నారో చూసినా. నువ్వు సీసా మూత తిప్పతా ఉంటివి. కిష్ణయ్య కళ్ళజోడు తుడస్తా ఉన్నాడు. ఇంతకాలం కంపెనీ నడిపినోడికి ఆ మాత్రం తెలీదా?"

సుప్రియ నిర్ఘాంతపోయింది. వల లాగుతున్నవాళ్ళ వైపు చూసింది.

"నీకు గుర్తుండదు, చిన్నదానివి" అన్నారు ఆయన. "మీ నాయనా నేనూ గుంటలు తవ్వినాక, కోట ఊళ్ళో ఒక ఐసు ఫ్యాక్టరీ అమ్మకానికి వచ్చింది. నాకు దాని మీద మనసు పడింది. మీ నాయన్నీ, ఇంకా నలుగుర్నీ కూచోబెట్టి, కొనేద్దామా అన్నా. ఒక్కడు కిక్కురుమనలేదు. మీ నాయన పుల్ల తీసుకోని నేల మీద గీతలు గీస్తా కూచున్నాడు. నాకు అర్థమైపోయింది. తెల్లారి కాఫీ తాగతా, ఆ ఐసు ఫ్యాక్టరీ మాట ఇప్పుడొద్దులేబ్బా అన్నా. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎవురూ నన్ను కాదన్లా. నేను ఎవురిముందూ తగ్గలా. తర్వాత అది కొన్నోడు మునిగిపోయినాడు. ఎన్నిసార్లు అట్టా జరిగిందో! మీరు ఊరుకుంటే నేను వెనక్కి తగ్గేవాణ్ణి. మన కంపెనీ నిలబడింది దాని వల్లనే."

"మరి ఈసారి?"

"ఈసారి కూడా తెల్లారి చెప్దామనే అనుకున్నా. ఆ దొరసాని అభ్యంతరం ఉందా, లేదా అనె. ఎవురూ మాట్లాడకపోతిరి. అయితే అందరూ ఒప్పుకున్నట్టే అని ఆ సాయంత్రమే ఓస్లోకు కబురు పంపె. మా నరేంద్ర అదే ఊపులో యంత్రాలోళ్ళకు మాటిచ్చేసినాడు. ఆమెను తప్పు పట్టను. వాళ్ళ ఊళ్ళో ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. మన ఊళ్ళో ఊరుకుంటే వద్దన్నట్టు. నేను తెల్లారి లేచి కాఫీ తాగేలోపల ఆ మాట సముద్రం దాటిపోయింది."

నరేంద్రబాబు ఆయన ఒక్కగానొక్క కొడుకు. మేనమామ పెంచలకృష్ణ కూతురు రేవతినే చేసుకున్నాడు. ఈమధ్యనే కంపెనీ మేనేజింగ్ డైరెక్టరయ్యాడు. కష్టపడతాడు, తొందరెక్కువ. కొత్త ప్లాంటు అతని మొదటి పెద్ద పని.

"దాటిపోతే పోనీయండి. వెనక్కి పిలవండి" అంది సుప్రియ. "మీరు ఛైర్మన్. మీరు వద్దంటే ఆగదా?"

"ఆగుతుంది. వాడి తల దిగిపోతుంది. కుర్చీలో కూచున్న కొద్దికాలానికే నాయన వచ్చి లాగేసినాడంటే, రేపు షెడ్డులో సూపర్వైజరు కూడా వాడి మాట వినడు."

సుప్రియకు ఆ మాటతో ఒళ్ళు మండింది. గొంతు మాత్రం పెంచలేదు. "వాడి తల కోసం ఈ కుప్పం చేపల్ని చంపుతారా? మన షెడ్డులో పనిచేసే ఆడోళ్ళు సగం మంది ఈ కుప్పాలోళ్ళే. కంపెనీ పోతే వాడి కుర్చీ యాడుంటుంది? మీకు తెలీక ఊరుకున్నారనుకోని వచ్చినా పెదనాయనా. తెలిసి ఊరుకున్నారు. మాకంటే మీదే జాస్తి తప్పు."

జయరామయ్యతో ఆ స్వరంలో ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అవతల వల ఒడ్డుకు చేరింది. కుప్పంవాళ్ళు దాని చుట్టూ చేరి ఒకేసారి అరుస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ పంచుకుంటున్నారు. కాసేపటికి ఆయన వేళ్ళు వదులయ్యాయి.

"నిజమే" అన్నారు. "అందుకే ఒకటి అడగతా. శనివారం నువ్వే లేచి చెప్పు. ఇప్పుడు నాతో చెప్పినట్టే."

"మీరు చెప్పొచ్చు గదా!"

"నేను చెప్తే మళ్ళీ అందరూ తలూపతారు. నేను ఔనన్నా ఊపతారు, కాదన్నా ఊపతారు. రేప్పొద్దున నేను పోయినాక ఆ కుర్చీలో వాడు కూచుంటాడు. ఊరుకున్నోడి మనసులో ఏముందో వాడికి తెలీదు. వాడు పెరిగింది హాస్టళ్ళలో. వాడికి నోటితో చెప్పాల. మీకెవురికీ నోటితో చెప్పే అలవాటు లేదు. ఇట్టాగే పోతే కంపెనీ రెండేళ్ళు ఉండదు. ఎవురో ఒకరు మొదలుపెట్టాల కదమ్మా. నేను నీ మీద కోప్పడతాను. నువ్వు ఆపొద్దు. చివర్లో నేను సరే అంటా."

సుప్రియ లేచి నిలబడింది. "అట్టా కుదరదు. నేను మీ నాటకంలో పాత్ర కట్టను. చెప్తే మొత్తం చెప్తా. మాకు ఇష్టం లేదని మీకు ముందే తెలుసని, తెలిసీ మీరు ఊరుకున్నారని కూడా చెప్తా. నరేంద్ర ముందే చెప్తా. సరేనా?"

జయరామయ్య జవాబివ్వలేదు. సముద్రం వైపే చూస్తున్నారు. ఆ మౌనం ఔననో, కాదనో పోల్చుకోవడం సుప్రియకు చేతకాలేదు. కారు దాకా నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆయన అలాగే కూర్చుని ఉన్నారు.

*

శనివారం ఉదయం బోర్డు గదిలో ఇడ్లీలు, కాఫీ అయ్యాక అందరూ తమ తమ చోట్ల సర్దుకున్నారు. జయరామయ్య ఎప్పటిలాగే తెల్లచొక్కాలో బల్ల చివర కూర్చున్నారు. కుడివైపు పెంచలకృష్ణ, ఎడమవైపు నరేంద్రబాబు. సుప్రియ వైపు ఆయన ప్రత్యేకంగా చూడలేదు.

నరేంద్రబాబు తెర మీద ప్లాంటు బొమ్మలు చూపిస్తూ ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. అతను కూర్చోగానే ఇంగ్రిడ్ గొంతు సవరించుకుంది.

"ఓటుకు ముందు ఒక మార్పు. అభ్యంతరం ఉందా అని ఈసారి నేను అడగను. అలా అడగడం ఇక్కడ పనిచేయదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక్కొక్కరూ తమకు ఏమనిపిస్తుందో తమ మాటల్లో చెప్పాలి. తెలుగులోనే చెప్పండి. నాకు తర్వాత ఎవరైనా చెబుతారు. ఛైర్మన్‌గారు అందరికంటే చివర మాట్లాడితే బాగుంటుంది."

బ్యాంకు మేనేజరుగారు మళ్ళీ ఇంకా లోతుగా చూద్దాం అనబోయి మధ్యలో ఆగారు. అందరి చూపులూ బల్ల చివరికి వెళ్ళాయి. జయరామయ్య కళ్ళు దించుకున్నారు.

సుప్రియ చెప్పింది. ముఖద్వారం గురించి, నిలిచే నీళ్ళ గురించి, కుప్పం గురించి చెప్పింది. మొదట మాటలు తడుముకుంది. తర్వాత ల్యాబులో రైతుకు చెరువు పరిస్థితి వివరిస్తున్నట్టు కుదురుకుంది. కిందటి మీటింగులో అందరికీ ఇదంతా తెలుసని, తనతో సహా ఎవరూ నోరు తెరవలేదని చెప్పింది. ఆగి, ఊపిరి తీసుకుని, ఆ సంగతి ఛైర్మన్‌గారికి కూడా తెలుసని చెప్పింది.

నరేంద్రబాబు ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడా అక్కా చెప్పేది? ఆ రోజు నా పక్కనే కూచోని ఉన్నావు గదా. బాగుంది నరేంద్రా అని భుజం తట్టిపోతివి. ఒక్క మాట చెప్పుంటే నేను వాళ్ళకు మాటిచ్చేవాణ్ణా? నాకేం చేప నీళ్ళు తెలుసా, ఏరు తెలుసా? తెలీకనే గదా మిమ్మల్ని అందర్నీ అడిగింది!"

"నాది తప్పే" అంది సుప్రియ. "నిన్ను చిన్నబుచ్చకూడదని ఊరుకున్నా. అట్టా ఊరుకోని నిన్ను గుంటలోకి నెట్టినా."

అతను తండ్రి వైపు తిరిగాడు. "నాయనా, నీకు తెలుసా?"

జయరామయ్య తల ఎత్తారు. కోప్పడతానన్న మనిషి కోప్పడలేదు. ముసలితనం ఆ క్షణంలోనే మీద పడ్డట్టు కనిపించారు.

"తెలుసు నాయనా. నీతో చెప్పాల్సింది. నేను ఎవురితోనూ అట్టా నోటితో చెప్పి ఎరగను. నీకు ఎట్టా చెప్పాల్నో తెలీలేదు."

నరేంద్రబాబు తెర మీద నిలిచిపోయిన బొమ్మను చూశాడు. ఎన్ని రోజులు కూర్చుని వేయించుకున్నాడో ఆ బొమ్మ. చివరికి రిమోట్ తీసుకుని దాన్ని ఆపేశాడు.

"సరే. యంత్రాలోళ్ళకు నేనే ఫోన్ చేసి చెప్తా. ఆడ వద్దు. వేరే చోటు చూద్దాం. అందరూ నోటితో చెప్పండి, ఈసారి. అక్క చెప్పింది. మేనేజరుగారూ?"

"వద్దనే నా అభిప్రాయం" అన్నారు బ్యాంకు మేనేజరుగారు. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు చుట్టూ చూశారు. ఇంకో ఇద్దరు కూడా వద్దన్నారు. గది మెల్లగా తేలికపడింది. ఎవరో చిన్నగా నవ్వారు కూడా. ఇంగ్రిడ్ సుప్రియ వైపు చూసి తల ఊపింది.

"మామా, నువ్వు?" అన్నాడు నరేంద్రబాబు.

పెంచలకృష్ణ బల్ల మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. మితభాషి. బావ మాటకు ఎదురు చెప్పినట్టు ఎవరూ ఎప్పుడూ వినలేదు. వద్దని ఒక్క మాట అంటే సరిపోతుంది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు.

"ఊరుకోమంటే ఊరుకుంటా. ఎన్నేళ్ళైనా ఊరుకుంటా" అన్నాడు పెంచలకృష్ణ. "నోటితో అబద్ధం చెప్పమంటే నావల్ల కాదు. నేను వద్దనుకోలేదు బావా. ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను."

జయరామయ్య విస్తుపోయి చూశారు. "అదేంది కిష్ణయ్యా? ఆ రోజు నువ్వు..."

"నేనేం చెప్పలేదు గదా బావా. నువ్వే అనుకున్నావు."

మౌనంలోంచి మనిషిని చదవగలనని ఇంతకాలం నమ్మిన జయరామయ్య, చిన్నప్పట్నుంచి తన పక్కనే ఉన్న బావమరిదిని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. సుప్రియకూ అలాగే ఉంది. పెంచలకృష్ణ వద్దన్నాడని ఇంగ్రిడ్‌కు ఎంత ధీమాగా చెప్పింది తను!

"ఏట్లో నీళ్ళు నిలబడతాయని తెలీదా మామా నీకు?" అన్నాడు నరేంద్రబాబు.

"తెలుసు."

"మరి?"

పెంచలకృష్ణ బావ వైపు చూడలేదు. అల్లుడి వైపే చూశాడు.

"బ్రోకరు మాట్లాడిన ఆ ఇసకనేల ఉండాదే, అది బయటోళ్ళది కాదు. మనదే. పోయిన ఏడు కొనింది. రేవతి పేరు మీద ఉండాది."

ఇంగ్రిడ్‌కు మాటలు అర్థం కాలేదు. పక్కనున్నాయన చెవిలో చెప్పగానే ఆమె నిటారుగా కూర్చుంది. కంపెనీ తీసుకునే స్థలం డైరెక్టరు కుటుంబానిదైతే, ఆ సంగతి మొదటి రోజే బోర్డు ముందు పెట్టి ఉండాలి. అది ఏ దేశంలోనైనా చట్టమే. గదిలో ప్రతి ఒక్కరికీ ఆ విషయం తెలుసు.

నరేంద్రబాబు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"రేవతికి చెప్పకుండా దాని పేరు మీద కొన్నావా మామా?"

"కొనాలని నాకెప్పుడూ లేదురా" అన్నాడు పెంచలకృష్ణ. "నాతో కొనిపించిందే రేవతి. ఎందుకో నన్నడగొద్దు. నీ భార్యనే అడుగు. బయట కారులో కూచోని ఉండాది."